నలభై వేల పాటలు కొనుక్కున్నాక

ఫోనులో అన్ని పాటలూ వస్తుంటే, వేలకు వేలు పోసి పాటల కోసమే ఇంకో పెట్టె ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు సిద్ధంగా ఉంటేనే ప్లేయర్ కొనండి. "సౌండ్ బాగుంటుంది" అన్నది సగం జవాబు మాత్రమే. ఫోనులో వచ్చే పాట మనది కాదన్నది మిగతా సగం. నెలనెలా డబ్బు కడుతున్నంత కాలం వినిపిస్తుంది. ఆ యాప్ కంపెనీకీ పాట హక్కులున్న ఆడియో కంపెనీకీ ఒప్పందం చెడితే, నిన్నటిదాకా ఉన్న సినిమా పాటలన్నీ ఇవాళ జాబితాలోంచి మాయమవుతాయి. ప్లేయర్‌లో ఫైలుగా ఉన్న పాట అలా పోదు. సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులోనూ పలుకుతుంది. చరణం మధ్యలో బ్యాంకు వాళ్ల ఫోన్ రాదు.

ఈ రెండో సగం మీకు ముఖ్యం అనిపిస్తే ఈ అధ్యాయం మీ కోసమే. ఇందులో కొనడం గురించి కొంచెమే చెబుతాను. కొన్నాక చేయాల్సిన పని గురించి ఎక్కువ చెబుతాను. ఖరీదైన ప్లేయర్లు చాలావరకు సొరుగుల్లోకి చేరేది ఆ పని చేయకపోవడం వల్లే.

ముందు ఒక లెక్క చూద్దాం. 1998లో కొరియా కంపెనీ సేహాన్ తెచ్చిన ఎంపీమ్యాన్ ప్లేయర్‌లో 32 ఎంబీ చోటు ఉండేది. ఒక్క సినిమా ఆడియో పట్టేసరికి నిండిపోయేది. 2001 అక్టోబరు 23న యాపిల్ చూపించిన మొదటి ఐపాడ్‌లో తోషిబా చేసిన 1.8 అంగుళాల హార్డ్‌డిస్క్ ఉంది. 5 జీబీ చోటు, వెయ్యి పాటలు, ధర 399 డాలర్లు. 2007 నాటికి ఐపాడ్ క్లాసిక్ 160 జీబీకి ఎదిగింది. అందులో 40,000 పాటలు పడతాయని యాపిల్ చెప్పింది. ఇవాళ గోరంత మెమరీ కార్డులోనే ఒక టెరాబైట్ దొరుకుతోంది.

పాటకు నాలుగు నిమిషాలు వేసుకుంటే, 40,000 పాటలు అంటే 1,60,000 నిమిషాలు. రోజుకు రెండు గంటలు తీరిక చేసుకుని, ఏ పాటనూ రెండోసారి వినకుండా సాగితే, అన్నీ పూర్తవడానికి మూడేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. నచ్చిన పాటను ఒక్కసారి విని వదిలేసే మనిషి ఎవరున్నారు? అంటే పెద్ద ప్లేయర్ కొన్న మొదటి రోజే, మన దగ్గరున్న తీరికకు మించిన సంగీతాన్ని తెచ్చి నెత్తిన పెట్టుకుంటున్నాం. ఇది తెలియక చాలామంది దొరికిన ప్రతి ఫోల్డరూ, స్నేహితుడి హార్డ్‌డిస్క్ మొత్తం, అందులోకి కుమ్మరిస్తారు. తర్వాత ఏమవుతుందంటే, పల్లవి పూర్తికాకముందే బొటనవేలు తర్వాతి పాట మీదికి వెళుతుంది. గంట గడుస్తుంది, ఒక్క పాటా పూర్తిగా విని ఉండరు.

దీనికి నేను చెప్పే ఉపాయం చిన్నది. ప్లేయర్‌లో రెండు ఫోల్డర్లు పెట్టుకోండి, "వాకిలి" అని ఒకటి, "ఇల్లు" అని ఒకటి. కొత్తగా వచ్చిన ఏ పాటైనా ముందు వాకిట్లోనే ఆగాలి. మొదటి నుంచి చివరి దాకా కనీసం రెండుసార్లు విన్నాక, మూడోసారి వినాలనిపిస్తేనే ఇంట్లోకి రానివ్వండి. వాకిట్లో యాభై పాటలకు మించి ఉండకూడదు. యాభై నిండితే కొత్తవి తేవడం ఆపి, ఉన్నవి వినాలి. ఇలా చేస్తే ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉన్న పాటలు కొన్ని వందలే కావచ్చు. కానీ ఏ పాట పేరు కనబడినా దాని ఎత్తుగడ మీ చెవిలో మోగుతుంది. 160 జీబీలో నూట యాభై ఖాళీగా ఉన్నా నష్టం లేదు. ఆ ఖాళీ రాబోయే ఇరవై ఏళ్లకు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

2016లో సోనీ తెచ్చిన ఒక వాక్‌మన్ ప్లేయర్‌ను స్వచ్ఛమైన రాగి దిమ్మెను తొలిచి, పైన బంగారు పూత వేసి చేశారు. బరువు 455 గ్రాములు, చోటు 256 జీబీ, ధర మూడు వేల డాలర్ల పైమాట. చొక్కా జేబులో వేసుకుంటే జేబు కిందికి జారుతుంది. ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ మీ దగ్గర పరిమితమైన డబ్బు ఉంటే, అందులో సగానికి తగ్గకుండా హెడ్‌ఫోన్స్‌కో ఇయర్‌ఫోన్స్‌కో కేటాయించండి. ఒక మంచి ప్లేయర్‌కూ ఇంకో మంచి ప్లేయర్‌కూ ఉన్న తేడా చెవికి చిక్కడం కష్టం. ఒక ఇయర్‌ఫోన్‌కూ మరో ఇయర్‌ఫోన్‌కూ ఉన్న తేడా మృదంగం తొలి దెబ్బకే తెలుస్తుంది. ఇయర్‌ఫోన్‌తో వచ్చే రబ్బరు మూతలు చెవికి సరిగ్గా అతకకపోతే ఎంత ఖరీదైనదైనా పీలగా పలుకుతుంది. మూడు సైజులూ పెట్టి చూడండి. చాలామంది ఈ పని చేయకుండానే "బేస్ లేదు" అని అమ్మేసుకుంటారు.

తర్వాతి ప్రశ్న ఫైలు ఏ నాణ్యతలో ఉండాలన్నది. నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్ ఎంపీ3లో దాదాపు 4 ఎంబీ, 320లో దాదాపు 10 ఎంబీ. సీడీలో ఉన్నది ఉన్నట్టుగా తీస్తే 42 ఎంబీ. అదే సీడీ ధ్వనిని ఏమీ పోగొట్టకుండా ఫ్లాక్‌గా కుదిస్తే చాలా పాటలకు 25 ఎంబీ దగ్గర తేలుతుంది. 2001లో జోష్ కోల్సన్ అనే ప్రోగ్రామర్ విడుదల చేసిన ఫ్లాక్ పద్ధతికి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. ఎంపీ3 చేసేటప్పుడు తీసేసిన ధ్వనిని తర్వాత తిరిగి తేలేం. ఫ్లాక్ నుంచి మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు సీడీనీ చేసుకోవచ్చు, ఎంపీ3నీ చేసుకోవచ్చు. అందుకని ఇంట్లో దాచే ప్రతి పాటా ఫ్లాక్‌లో ఉండాలి.

అంతకు మించిన "హై రిజల్యూషన్" ఫైళ్లు అమ్ముతారు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అంటే కుదించకముందు నాలుగు నిమిషాల పాట 275 ఎంబీ దాటుతుంది. వినేవాళ్లకు తేడా తెలుస్తుందా? అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన పరీక్షలో, హై రిజల్యూషన్ ధ్వనినీ అదే ధ్వనిని సీడీ స్థాయికి తగ్గించినదాన్నీ మార్చి మార్చి వినిపించారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా అంతే వస్తుంది. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 2016లో 18 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, తేడా పట్టే శక్తి ఉంది గానీ చాలా స్వల్పమని, శిక్షణ పొందినవాళ్లలో అది పెరుగుతుందని తేల్చారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని నేను చెప్పేది, సీడీ నాణ్యత దగ్గర ఆగండి. ముఖ్యంగా పాత తెలుగు పాటలకు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్క మూడు మూడున్నర నిమిషాలే పాడేది. అందులోకి ఎక్కిన ధ్వనికి హద్దు ఉంది. ఆ పాటను 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా అమ్మినా అప్పటి స్టూడియోలో మైకు పట్టుకోనిది కొత్తగా పుట్టుకురాదు. మీ డబ్బు బాగా శుభ్రం చేసిన రికార్డింగ్ కోసం పెట్టండి, అంకెల కోసం వద్దు.

ఇంకో జాగ్రత్త. నెట్‌లో "320" అనో "లాస్‌లెస్" అనో దొరికే పాటల్లో 128 ఎంపీ3ని ఉబ్బించి పెట్టినవి బోలెడు. స్పెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిస్తే ధ్వని చిత్రం కనిపిస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అనుమానించండి. మన దగ్గరున్న, లేదా డబ్బిచ్చి కొన్న అసలు సీడీ నుంచి తీసుకోవడమే నమ్మకం. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్ గీతలు పడ్డ సీడీని కూడా ఓపిగ్గా, మళ్లీ మళ్లీ చదివి తీస్తుంది.

కర్ణాటక సంగీతం వినేవాళ్లు ప్లేయర్ కొనేముందు ఒక్క పరీక్ష తప్పక చేయాలి. కచేరీ సీడీలో ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఒక ట్రాక్, తని ఆవర్తనం ఒక ట్రాక్ అయి ఉంటాయి. కానీ కచేరీ ఎక్కడా ఆగదు. కొన్ని ప్లేయర్లు ట్రాక్ మారేచోట అర సెకను మూగబోతాయి. ఎంపీ3లో ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే ఆ పద్ధతి ఫైలు మొదట్లో, చివర్లో కొంచెం మౌనాన్ని జోడిస్తుంది. షాపులోనే అలాంటి రెండు ట్రాక్‌లు ఎక్కించి, ఎడం లేకుండా వాయిస్తుందో లేదో వినండి. రెండు వేల రూపాయల ప్లేయర్‌లో అర సెకను ఆగితే సర్దుకోవచ్చు. యాభై వేలు పెట్టినప్పుడు సర్దుకోనక్కర్లేదు.

పేర్లు పెట్టడం

ఇదే అసలు పని. విసుగు పుట్టేదీ ఇదే. ప్రతి ఫైలు లోపల పాట పేరు, గాయకులు, ఆల్బమ్, సంవత్సరం రాసుకునే గళ్లు ఉంటాయి. వాటిని ట్యాగ్‌లు అంటారు. పాటలను ప్లేయర్ వరుసలో పెట్టేది వాటిని బట్టే. ఈ గళ్లను పాశ్చాత్య సంగీతానికి తగ్గట్టుగా తయారుచేశారు. ఒక బ్యాండ్, ఒక ఆల్బమ్, అంతే. మన సినిమా పాటకు ఇద్దరు గాయకులు, ఒక సంగీత దర్శకుడు, ఒక కవి, ఒక సినిమా ఉంటాయి. ఏ గడిలో ఏది పెట్టాలో ముందే నిర్ణయించుకోకపోతే ప్లేయర్ నిండా చెత్త పేరుకుంటుంది. దానికి తోడు పాటలు దించుకున్న సైట్లు గాయకుడి గడిలో తమ పేరే రాసిపెడతాయి. ఒక్క బాలసుబ్రహ్మణ్యం గారే ఎస్పీబీగా, ఎస్పీ బాలుగా, ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడాతో ఇంకో ఇద్దరుగా విడిపోయి కనబడతారు. "బాలు గారి పాటలన్నీ" అని నొక్కితే మూడో వంతే వస్తాయి.

నేను పాటించే పద్ధతి ఇది, మీరు మార్చుకోవచ్చు. ఆల్బమ్ గడిలో సినిమా పేరు, పక్కనే సంవత్సరం. సంవత్సరం తప్పనిసరి, ఎందుకంటే "దేవదాసు" అని రాస్తే అది 1953 నాటిదా, 1974 నాటిదా, 2006 నాటిదా ప్లేయర్‌కు తెలియదు. మూడింటి పాటలూ ఒకే ఆల్బమ్‌గా కలిసిపోతాయి. స్వరకర్త గడిలో సంగీత దర్శకుడు. కృతి అయితే ఆ గడిలో వాగ్గేయకారుడు. ఆర్టిస్ట్ గడిలో పాడినవాళ్లు, ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సినిమాకైతే సంగీత దర్శకుడు, కచేరీకైతే ప్రధాన కళాకారుడు. శాస్త్రీయ సంగీతానికి జానర్ గడిలో "కర్ణాటక" అని రాసి వదిలేయకుండా రాగం పేరు రాస్తే అద్భుతంగా పనికొస్తుంది. సాయంత్రం పూట కల్యాణి నొక్కితే, బాలమురళీకృష్ణ పాడిందీ, ద్వారం వెంకటస్వామి నాయుడు వాయించిందీ, ఒక సినిమా పాటా వరుసగా వస్తాయి. రాగం గుర్తుపట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠశాల లేదు.

పేర్లు తెలుగు లిపిలో రాసుకోవాలని నా కోరిక. స్పెల్లింగుల గొడవ సగం పోతుంది. అయితే కొన్ని ప్లేయర్లు ఒత్తులను విడగొట్టి చూపిస్తాయి, కొన్ని ఉత్త డబ్బాలు చూపిస్తాయి. పది పాటలకు తెలుగులో రాసి, ప్లేయర్‌లో సరిగ్గా కనబడ్డాకే మిగతా వేల పాటలకు పూనుకోండి. కంప్యూటర్‌లో ఎంపీ3ట్యాగ్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లతో ఒకేసారి వంద పాటలకు పేర్లు మార్చవచ్చు. ఒక్క ఆదివారంలో ముగించాలనుకోకండి. వాకిలి దాటి ఇంట్లోకి వచ్చే పాటకే పేరు పెట్టండి. అప్పుడు పని భారం కాదు.

చెవి గురించి, బ్యాటరీ గురించి

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే ఆ 40 గంటలు 75 డెసిబెల్స్ దగ్గరే. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం అవుతుంది. పెద్దవాళ్లకు 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర ఐదు. ఖరీదైన ప్లేయర్లలో పెద్ద హెడ్‌ఫోన్స్‌ను మోగించగల శక్తి ఉంటుంది. అదే శక్తి చిన్న ఇయర్‌ఫోన్‌లోకి వెళితే చెవికి దెబ్బ. "గెయిన్" అనే సెట్టింగ్ ఉంటే తక్కువ ("లో") దగ్గర పెట్టి మొదలుపెట్టండి. రాత్రి, ఇల్లు సద్దుమణిగాక, పాట హాయిగా వినబడే చోట వాల్యూమ్ అంకె ఎంతో చూసి గుర్తుపెట్టుకోండి. బస్సులో ఆ అంకె దాటాలనిపిస్తే, వాల్యూమ్ పెంచే బదులు బయటి శబ్దాన్ని బాగా అడ్డుకునే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు అసలు వద్దు. చెవిలో దెబ్బతిన్న రోమకణాలు మళ్లీ మొలవవు.

బ్యాటరీ విషయం క్లుప్తంగా. మే నెల ఎండలో కారులో వదలకండి. కొన్నాళ్లు వాడకపోతే సగం ఛార్జింగ్‌తో దాచండి, పూర్తిగా ఖాళీ చేసి దాచకండి. కొనేముందు బ్యాటరీ మార్చే చోటు మీ ఊళ్లోనో దగ్గరి నగరంలోనో ఉందా అని కనుక్కోండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్లేయర్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ "జూన్" (Zune) ప్లేయర్లు 2008 డిసెంబరు 31న ప్రపంచమంతటా ఒక్కసారే బిగుసుకుపోయాయి. లీపు సంవత్సరంలో 366వ రోజును గడియారం ప్రోగ్రామ్ లెక్కపెట్టలేకపోవడమే కారణం. మర్నాడు బాగయ్యాయి గానీ, కొన్నేళ్లకే ఆ ప్లేయర్ల తయారీయే ఆగిపోయింది. గాయకుడు నీల్ యంగ్ 2014లో జనం దగ్గర 62 లక్షల డాలర్లు పోగుచేసి తెచ్చిన పోనో ప్లేయర్ 2017కల్లా ముగిసింది. ఐపాడ్ క్లాసిక్‌ను 2014లో ఆపేశారు. కంపెనీలు ఆగినా, సొంత ఫైళ్లు పెట్టుకున్నవాళ్ల పాటలు ఆగలేదు. పాత ఐపాడ్ విప్పి, హార్డ్‌డిస్క్ తీసేసి మెమరీ కార్డులు బిగించి ఇప్పటికీ వింటున్నవాళ్లు ఉన్నారు. అదే ఇంకొకరి సర్వర్‌ను నమ్ముకున్నవాళ్ల సంగతి చూడండి. 2003 నుంచి 2015 దాకా జనం మైస్పేస్‌లో ఎక్కించిన పాటలు సర్వర్ మార్పిడిలో పోయాయని 2019లో తెలిసింది.

కాబట్టి ప్లేయర్‌లో ఉన్నది కాపీ మాత్రమే కావాలి. అసలు కంప్యూటర్‌లో, ఇంకో కాపీ బయటి హార్డ్‌డిస్క్‌లో, ఆ హార్డ్‌డిస్క్ వీలైతే అన్నయ్య ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో ఉండాలి. మెమరీ కార్డు కొన్నరోజే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. 512 జీబీ అని ముద్రించి 32 జీబీ మాత్రమే ఉండే నకిలీ కార్డులు బజారులో ఉన్నాయి. అవి ఇంకా చోటు ఉన్నట్టే నటించి పాత పాటలను తుడిచేస్తాయి.

మీ ఇంటి క్యాసెట్లు

ఇంత చోటు ఉన్న ప్లేయర్‌కు నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన సరుకు ఏ దుకాణంలోనూ దొరకదు. అది మీ ఇంట్లో అటక మీద ఉంది. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిని పొద్దున్నే టేప్ చేసుకున్న క్యాసెట్లు, పెళ్లిలో అమ్మమ్మ పాడిన మంగళహారతులు, గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లినవాళ్లకు ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన టేపులు. ఘంటసాల గారి పాట ఎక్కడైనా దొరుకుతుంది. ఆ క్యాసెట్లలోని గొంతులకు ఇంకో కాపీ లేదు. టేపు మీది పూత ఏటికేడాది పాడవుతోంది.

పని కష్టమైంది కాదు. ముందుగా క్యాసెట్ పై అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, పొరపాటున దాని మీద రికార్డు కాకుండా. టేప్ రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెస్తే బిగుసుకున్న టేపు వదులవుతుంది. లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి. ధ్వని గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. బుసబుస శబ్దం తీసేయాలనే ఆత్రంలో గొంతు కూడా పలచబడుతుంది. అందుకని శుభ్రం చేయని అసలు ఫైలు ఒకటి ఎప్పుడూ దాచి ఉంచండి.

తొంభై నిమిషాల క్యాసెట్‌కు తొంభై నిమిషాలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. ఆ తొంభై నిమిషాలు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పాట ఎవరు పాడారు, ఏ ఊళ్లో, ఎవరి పెళ్లిలో, వెనకాల నవ్వుతున్నది ఎవరు, అన్నీ అడిగి కామెంట్ గడిలో రాయండి. ఆ వివరాలు చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఉంటే, మిగతా 40,000 పాటలనూ పక్కనబెట్టి ఈ వారమే ఈ పని మొదలుపెట్టండి.